ఊడని ఆయిల్ ఫిల్టరు: ఒక పాత మేస్త్రి అనుభవ పాఠాలు

కారుకు ఆయిల్ మార్చడం అరగంట పని. ఫిల్టరు పట్టేసిందంటే పూట పని. విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డు అబ్బాయికి అప్పగించి కుర్చీకి పరిమితమైపోయినా, ఈ ఒక్క పని కోసం ఇప్పటికీ నన్ను లేపుతుంటారు. ఈమధ్య ఫోన్లో వీడియో చూసి ఇంటి ముందే ఆయిల్ మార్చుకునే కుర్రాళ్ళు కూడా ఎక్కువయ్యారు. మంచిదే, ఎవరి బండి సంగతి వాళ్ళకు తెలియాలి. వీడియోలో ఫిల్టరు చెయ్యి తగలగానే గిర్రున తిరిగి వచ్చేస్తుంది. అది ముందే ఒకసారి వదులు చేసి పెట్టిన ఫిల్టరని చూసేవాడికి తెలియదు. మీ బండి కింద పడుకున్నప్పుడు అంత సుఖంగా రాదు. అలా రానప్పుడు ఏం చెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యకూడదో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

1. ఊడదీసే రోజున పట్టెయ్యదు, బిగించిన రోజునే పట్టేసింది

ఫిల్టరు డబ్బా మూతి దగ్గర మందపాటి ఇనప పళ్ళెం ఉంటుంది. దాని నడుమ మర, మర చుట్టూ చిన్న బెజ్జాలు, అంచున రబ్బరు రింగు. బెజ్జాల్లోంచి లోపలికి పోయిన ఆయిల్ కాగితం మడతల్లో వడకట్టుకుని, నడిమి గొట్టంలోంచి మళ్ళీ ఇంజనులోకి పోతుంది. ఆయిల్ బయటికి కారకుండా ఆపేది ఆ రబ్బరు రింగు ఒక్కటే. దానికి కావలసింది చేతి బిగువు, అంతే.

ఆ మాట హెల్పరు కుర్రాడికి ఎక్కదు. లీకైతే మేస్త్రి తిడతాడని వాడి భయం. ఆ భయంతో చేత్తో బిగించాక చైను పానా వేసి ఇంకో లాగు లాగుతాడు. పైగా రింగుకు ఆయిల్ రాయడు. పొడి రబ్బరు ఇంజను ముఖానికి రాసుకుంటూ మెలిపడి అక్కడే అతుక్కుంటుంది. ఇంజను నడిచినప్పుడల్లా ఆయిల్ 90, 100 డిగ్రీల దాకా కాగుతుంది, ఆపగానే చల్లారుతుంది. కాగీ చల్లారీ రబ్బరు మెత్తదనం పోయి గట్టిపడుతుంది. ఆయిల్ మార్చాల్సింది పదివేల కిలోమీటర్లకో ఏడాదికో అయితే, ఓనరు ఇరవై వేలు తిప్పి తెస్తాడు. బందరు, కాకినాడ, విశాఖ బళ్ళకైతే ఉప్పు గాలి కూడా తోడై డబ్బా అంచు తుప్పుతో పొక్కులు పొక్కుతుంది.

నకిలీ ఫిల్టర్లది వేరే గొడవ. రేకు పల్చన, రింగు నాసి. బిగించేటప్పుడు బాగానే ఉంటుంది, ఊడదీసేటప్పుడు పట్టు చిక్కక రేకు చేతిలో నలిగిపోతుంది. నాలుగు డబ్బులు మిగిలాయని సంబరపడిన ఓనరు లేబరు దగ్గర రెట్టింపు కడతాడు.

2. తిప్పాల్సింది ఏదో ముందు చూసుకోండి

నవ్వకండి. ఫిల్టరు అనుకుని పక్కదాన్ని పట్టుకుని తిప్పినవాళ్ళను చూశాను. కొన్ని ఇంజన్లలో ఫిల్టరుకూ ఇంజనుకూ నడుమ ఆయిల్ కూలరు ఉంటుంది. గుండ్రంగా, పక్కన నీళ్ళ గొట్టాలతో ఉంటుంది. పానా దానికి పట్టించి లాగితే ఫిల్టరు రాదు సరికదా, కూలరు కదిలి నీళ్ళు లీకవుతాయి, ఒక్కోసారి ఆయిల్లోనూ కలుస్తాయి. డీజిలు బండిలో డీజిలు ఫిల్టరు కూడా అచ్చం ఇలాంటి డబ్బాలాగే కనిపిస్తుంది. కొత్త ఫిల్టరును చేత్తో పట్టుకుని, దాని జోడీ ఎక్కడుందో చూసి, తర్వాతే పానా తియ్యండి.

అన్ని బళ్ళకూ డబ్బా ఫిల్టరే ఉండదు. అంబాసిడర్ మీద పని నేర్చిన మా తరానికి ఇది బాగా తెలుసు. ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు ఉక్కు గిన్నె, అందులో కాగితం ఫిల్టరు, గిన్నె అడుగు నుంచి పైదాకా పొడవాటి బోల్టు. బోల్టు విప్పితే గిన్నె చేతికొచ్చేది. చిక్కంతా ఇంజను గాడిలో ఇరుక్కున్న పాత రబ్బరు రింగుతోనే. దాన్ని సూదితో గుచ్చి పీకితే గాని కొత్త రింగు కూర్చునేది కాదు. అమెరికాలో స్వీట్‌లాండ్ అనే ఆయన 1923లో ప్యూరోలేటర్ పేరుతో కారు ఆయిల్ ఫిల్టరుకు శ్రీకారం చుట్టాడు. మరతో తిప్పి బిగించే డబ్బా ఫిల్టరు 1950లలో గాని రాలేదు. మనలో చాలామందికి అది మారుతి 800తో అలవాటైంది. 1983 డిసెంబరులో ఆ బండి వచ్చాక మెకానిక్కులు గిన్నెలు కడిగే బాధ తప్పిందని సంతోషించారు. పట్టేసిన డబ్బాతో కుస్తీ పట్టే బాధ అప్పుడు మొదలైంది.

ఇప్పుడు కథ మళ్ళీ మొదటికొచ్చింది. చాలా కొత్త ఇంజన్లలో కాగితం ఫిల్టరు, దాని మీద ప్లాస్టిక్ మూత. ఆ మూత నెత్తిన సాకెట్ పట్టే పలకలు ఉంటాయి. దాని సంగతి తర్వాత చెబుతాను.

3. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకండి

ఊడని ఫిల్టరును లాగేటప్పుడు బండి మొత్తం ఊగుతుంది. మామూలు పనికంటే ఇక్కడ ప్రమాదం ఎక్కువ. జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డం వేసి, బండిని ఒకసారి చేత్తో గట్టిగా ఊపి చూశాకే కిందికి వెళ్ళండి. ఇటుకల మీద నిలబెట్టడం వద్దు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. స్టాండ్లు లేవన్నవాణ్ణి పని మానుకుని ఇంటికి పొమ్మంటాను.

4. డ్రెయిన్ బోల్టు ముందు విప్పొద్దు

ఇది చాలామందికి తెలియని పాఠం. అందరూ బండి కిందికి దూరగానే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబరు బోల్టు విప్పి ఆయిల్ వదిలేస్తారు. ఆ తర్వాత ఫిల్టరు దగ్గరికెళితే అది కదలదు. ఇంటి ముందు, ఆదివారం సాయంత్రం, ఆయిల్ లేని ఇంజను. బండి ఎక్కడికీ పోదు.

ముందు ఫిల్టరుకు పట్టు వేసి కొద్దిగా కదిలి వస్తుందేమో చూడండి. కదిలితే మళ్ళీ చేత్తో బిగించేసి, అప్పుడు చాంబరు ఖాళీ చెయ్యండి. కదలకపోతే ఇంకా మీ చేతిలో నడిచే బండి ఉంది, నడుపుకుంటూ షెడ్డుకు వెళ్ళొచ్చు. ఈ పద్ధతిలో కొంచెం ఆయిల్ చెయ్యి మీదుగా కారుతుంది, కారనివ్వండి. కొత్త ఫిల్టరు చేతికి వచ్చేదాకా పాతదాని జోలికి పోవద్దన్న నియమం కూడా ఇందులోదే. దుకాణంవాడు ఇదే సరిపోతుందన్నా సరే, మర సైజూ రింగు వెడల్పూ పాతదానితో పోల్చి చూసుకోండి. 20 మిల్లీమీటర్ల మరా, ముప్పావు అంగుళం మరా కంటికి ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి రెండు చుట్లు ఎక్కి మోసం చేస్తాయి కూడా.

5. ఎటు తిప్పాలి?

మామూలు మరే. డబ్బా అడుగు మీ ముఖంవైపు ఉండేలా చూస్తూ గడియారం ముల్లుకు ఎదురు తిప్పితే ఊడుతుంది. ఇంత చిన్న విషయానికి పాఠమెందుకంటే, మనిషి ఎప్పుడూ అలా ఎదురుగా ఉండడు. కిందికి వేలాడే ఫిల్టరును బానెట్ ఎత్తి పైనుంచి చూస్తూ చెయ్యి పెట్టినవాడికి దిక్కు తారుమారవుతుంది. పైనుంచి చూస్తే ఊడే వైపు గడియారం ముల్లు తిరిగే వైపే. అది మరిచి ఊడదీస్తున్నానని ఇంకా బిగించేవాళ్ళు ఎందరో. పట్టేసిందని మా దగ్గరికి తెచ్చిన కొన్ని ఫిల్టర్లు అసలు పట్టెయ్యనే లేదు, ఇంట్లో గంటసేపు శ్రద్ధగా బిగించి తెచ్చారు.

డబ్బా మీద సుద్దతోనో మార్కరుతోనో బాణం గీసుకోండి. కింద పడుకున్నాక బుర్ర కన్నా బాణాన్ని నమ్మండి.

6. గోరువెచ్చన మేలు, మంట వద్దు

చల్లారి రాయిలా ఉన్న ఇంజను మీద రబ్బరు మరీ మొండిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే చాలు, రబ్బరు కొంచెం మెత్తబడుతుంది. ఊరంతా తిరిగొచ్చిన బండి కింద మాత్రం వెంటనే చెయ్యి పెట్టొద్దు. కాగిన ఆయిల్ పడితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. చాలా ఇంజన్లలో సైలెన్సరు గొట్టం కూడా ఫిల్టరు పక్కనే ఉంటుంది.

గ్యాసు మంట పట్టి డబ్బా వేడిచేస్తే ఊడుతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. డబ్బా నిండా ఆయిల్ ఉంది. ఆ సలహా ఇచ్చినవాడి షెడ్డులో నేనైతే టీ కూడా తాగను.

తుప్పు వదిలించే స్ప్రే సంగతి ఒక మాట. ఫిల్టరు లోపలి మర ఎప్పుడూ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, దానికి తుప్పు పట్టదు. పట్టుకున్నది బయటి రబ్బరు రింగు. స్ప్రే కొట్టడం వల్ల ఆ రింగుకు ఒరిగేదేమీ లేదు. డబ్బా మాత్రం జిడ్డెక్కి పానా జారుతుంది. సముద్రపు ఊళ్ళ బళ్ళకు, డబ్బా అంచు నిజంగా తుప్పుపట్టి ఇంజను ముఖానికి అంటుకున్నప్పుడు తప్ప దాని జోలికి పోకండి.

7. ముందు చెయ్యి, తర్వాత పానా

పట్టేసిన ఫిల్టర్లలో సగం నిజానికి జిడ్డెక్కిన ఫిల్టర్లు. కిరసనాయిలు గుడ్డతో డబ్బాను శుభ్రంగా తుడవండి, తర్వాత పొడి వేస్టుతో తుడవండి. వేడి ఇంజను దగ్గర పెట్రోలు గుడ్డ మాత్రం వద్దు. గరుకు ఎమరీ పేపరును గరుకు వైపు డబ్బాకు తగిలేలా చుట్టి, రబ్బరు గ్లౌజు వేసుకుని రెండు చేతులతో తిప్పండి. ఎమరీ దొరక్కపోతే పాత సైకిలు ట్యూబు ముక్క. చాలావరకు ఇక్కడే పనైపోతుంది.

కాకపోతే పానాలు. వీటిలో నా వరస ఇది.

మొదట టోపీ పానా. ఫిల్టరు అడుగున ఉన్న పలకల మీద టోపీలాగా కూర్చుంటుంది, ర్యాచెట్‌తో తిప్పుతాం. డబ్బా నలగదు, ఇరుకు చోట పనికొస్తుంది. కాని సైజు అచ్చంగా సరిపోవాలి. కొనేముందు డబ్బా వెడల్పు కొలవండి, పలకలు లెక్కపెట్టండి. ఒక మిల్లీమీటరు వదులున్నా పలకలు గుండ్రంగా అరిగిపోతాయి. అరిగాక ఇక ఆ దారి మూసుకుపోయినట్టే.

తర్వాత బెల్టు పానా. నైలాను పట్టీ, లేదా సన్నని ఉక్కు పట్టీ. చోటు ఉంటే దీనంత మంచిది లేదు.

మూడోది మూడు కాళ్ళ పానా. తిప్పేకొద్దీ కాళ్ళు లోపలికి మూసుకుని డబ్బాను గట్టిగా పట్టుకుంటాయి. బెల్టు తిప్పే చోటు లేనప్పుడు కింది నుంచి దీన్ని వేస్తాను.

చైను పానా ఆఖరున. లాగేకొద్దీ కరుస్తుంది, అది దాని గొప్ప. లాగేకొద్దీ రేకు నలుపుతుంది, అది దాని తప్పు.

ఏ పానా అయినా డబ్బా కొన దగ్గర కాకుండా ఇంజనుకు వీలైనంత దగ్గరగా, పళ్ళెం ఉన్న చోట పట్టించండి. అక్కడ రేకు వెనక మందపాటి ఇనుము ఉంది, నలగదు. కొన దగ్గర పట్టిస్తే బలమంతా రేకును మెలిపెట్టడానికే పోతుంది, మర దాకా చేరదు. ఊడదీయలేకపోయామని నా దగ్గరికి తెచ్చిన డబ్బాలన్నీ కొన దగ్గర నొక్కుకుపోయి, మూతి దగ్గర కొత్తగా ఉండేవి. పానాను అంగుళం పైకి జరిపితే పనైపోయేది.

లాగడంలో కూడా పద్ధతుంది. ఝాడించి లాగొద్దు. ముందు పానాలో వదులంతా తీసేసి, నిదానంగా బలం పెంచుతూ అలాగే పట్టి ఉంచండి. పక్కన మనిషి ఉంటే, మీరు లాగి పట్టుకున్నప్పుడు పళ్ళెం అంచు చుట్టూ చిన్న సుత్తితో తేలిగ్గా తట్టమనండి. రబ్బరు అతుకు విడిచేటప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ తర్వాత మిగిలినదంతా చేత్తోనే.

8. స్క్రూడ్రైవరు గుచ్చే ముందు ఆలోచించండి

ఫిల్టరు పట్టేసిందనగానే ప్రతివాడికీ మొదట తట్టేది ఇదే. పొడవాటి స్క్రూడ్రైవరు సుత్తితో కొట్టి డబ్బాలోంచి అవతలికి దింపడం, దాన్నే పిడిలా పట్టుకుని తిప్పడం. పనిచెయ్యదని అనను. పనిచేసినప్పుడు వీరుడిలాగే ఉంటుంది. కాని రేకు మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. రబ్బరు రింగు గట్టిగా పట్టి ఉంటే, స్క్రూడ్రైవరు మరను తిప్పదు, రేకును డబ్బా చుట్టూ కోసుకుంటూ పోతుంది. చివరికి డబ్బా ఊడి చేతికొస్తుంది, పళ్ళెం ఇంజనుకే ఉండిపోతుంది.

ఇంకో సంగతి. గుచ్చిన క్షణం నుంచి ఆ బండి స్టార్టు చెయ్యడానికి లేదు. గుచ్చితే పూర్తి చెయ్యాల్సిందే, లేకపోతే కట్టి లాక్కెళ్ళాల్సిందే. అందుకే రాత్రిపూట, దుకాణాలు మూసిన వేళ, ఊరి బయట ఈ పని ఎత్తుకోకండి.

చెయ్యక తప్పనప్పుడు కింద పెద్ద తట్ట పెట్టండి. గుచ్చగానే డబ్బాలోని ఆయిల్ స్క్రూడ్రైవరు మీదుగా మోచేతి దాకా కారుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్చి, వైర్లు ఎక్కడున్నాయో చూసుకుని వాటికి దూరంగా గుచ్చండి. ఒక పక్క గుచ్చి ఆపొద్దు, రెండో పక్కకు బయటికి రావాలి. ఇంజను ముఖానికి మరీ దగ్గరగా వద్దు, మొన జారి ముఖం గీసుకుంటే ఆ గీత జన్మంతా లీకవుతుంది. కొద్దికొద్దిగా తిప్పుతూ రేకు చిరగడం మొదలైతే అక్కడే ఆపండి. రెండో బెజ్జం, మూడో బెజ్జం కొడుతూ పోతే డబ్బా జల్లెడవుతుందే తప్ప ఊడదు.

9. పళ్ళెం ఒక్కటే మిగిలితే

బందరు నుంచి ఒక టాక్సీ ఇలాగే వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఎవరో స్క్రూడ్రైవరుతో డబ్బా చీల్చేశారు. బండిని లారీకి కట్టి లాక్కొచ్చారు. డ్రైవరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంజను విప్పాలేమో మేస్త్రిగారూ అని ఒకటే గొడవ. అక్కర్లేదు. డబ్బా పోయినంత మాత్రాన దారి మూసుకుపోదు, నిజానికి ఇప్పుడు అడ్డం తగ్గింది.

రేకు కత్తెరతో మిగిలిన చీలికలు కత్తిరించేశాం. చేతులు జాగ్రత్త, ఆ రేకు బ్లేడు కన్నా పదును. కాగితం, నడిమి గొట్టం తీసేశాం. ఇప్పుడు కనిపించేది పళ్ళెం, దాని బెజ్జాలు. అంచున రేకు మడత ఉంటుంది, రబ్బరు రింగును పట్టి ఉంచేది అదే. సన్నని ఉలితో ఆ మడతను ఒకచోట లేపి, చుట్టూ విప్పుకుంటూ వస్తే రింగు కనిపిస్తుంది. కొక్కెంలా వంచిన తీగతో రింగును పీకేస్తే, పళ్ళాన్ని బిగబట్టిన బలమే పోతుంది. ఆ టాక్సీ పళ్ళెం రింగు రాగానే చేతి వేళ్ళకే తిరిగింది.

రింగు పీకినా రాకపోతే పళ్ళెం బెజ్జాల్లో ఆనేలా రెండు బోల్టులు బిగించిన పట్టీ చేసుకుని తిప్పాలి. పట్టీ లేకపోతే ఉలి మొన బెజ్జం అంచున ఆనించి, ఊడే దిక్కుకు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. ఒకచోటే కొట్టకుండా ఎదురెదురు బెజ్జాల్లో మార్చి మార్చి కొట్టాలి. పెద్ద సుత్తి వాడితే ఇంజనులోంచి వచ్చే మర కడ్డీ వంగుతుంది. ఇదంతా చేసేముందు చుట్టూ శుభ్రమైన గుడ్డ కుక్కండి. రేకు పొడి ఒక్క ముక్క ఆయిల్ దారిలోకి పోతే మీరు ఫిల్టరుకు పడ్డ శ్రమంతా బేరింగులకు శిక్ష అవుతుంది.

10. ఊడిందని సంబరపడకండి, పాత రింగు ఎక్కడుందో చూడండి

డబ్బా చేతికి రాగానే తిప్పి చూడండి. మూతిలో రబ్బరు రింగు ఉందా? లేకపోతే అది ఇంజను ముఖానికే అతుక్కుని ఉంది. నల్లటి ఇంజను, నల్లటి రబ్బరు, నల్లటి ఆయిల్, కంటికి కనిపించదు. వేలితో చుట్టూ తడమండి. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులవుతాయి. స్టార్టు చేసి వదిలినప్పుడు బాగానే ఉంటుంది. రోడ్డెక్కి యాక్సిలేటరు నొక్కగానే ప్రెషరు పెరిగి పై రింగు పక్కకు జారుతుంది, నిమిషాల్లో చాంబరు మొత్తం రోడ్డు మీద ఉంటుంది. ఎర్రలైటు వెలిగిందని గమనించి బండి ఆపేలోగా ఇంజను పట్టేస్తుంది. ఫిల్టరు పట్టేసిన దానికీ ఇంజను పట్టేసిన దానికీ ఖర్చు ఎంత తేడాయో చెప్పనక్కర్లేదు.

రెండోది, మర కడ్డీ. గట్టిగా పట్టిన ఫిల్టరుతో పాటు ఒక్కోసారి ఇంజనులోని కడ్డీ కూడా ఊడి డబ్బాలో ఉండిపోతుంది. చూసుకోకుండా పాత ఫిల్టరు చెత్తలో పారేసి, కొత్త ఫిల్టరు దేనికి బిగించాలో తెలియక వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. దాన్ని డబ్బాలోంచి తీసి, మరలు కడిగి, ఇంజనులోకి పోయే కొనకు థ్రెడ్‌లాక్ రాసి మళ్ళీ బిగించుకోవాలి.

11. ఊడలేదని ఆయిల్ ఒక్కటే మార్చి పంపించే షెడ్లు

ఉన్నాయి. చేసేవాళ్ళు నా మీద కోపం తెచ్చుకున్నా రాయక తప్పదు. ఫిల్టరు రాకపోతే దాన్ని పైపైన తుడిచి, కొత్త ఫిల్టరు డబ్బు బిల్లులో వేసి పంపిస్తారు. మూసుకుపోయిన ఫిల్టరు ఇంజనును వెంటనే ఆపదు, అదే వీళ్ళ ధైర్యం. కాగితం మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే పంపేస్తుంది, ఇంజను ఎండిపోకుండా చేసిన ఏర్పాటది. బండి నడుస్తూనే ఉంటుంది, మడ్డి ఆయిల్‌తో. ఓనరుకు తెలిసేది చాలా తర్వాత. ఊడకపోతే ఊడలేదని చెప్పండి, ఇంకో షెడ్డుకు పంపండి. పరువేమీ పోదు. ఓనర్లకు చెప్పేది, సర్వీసు అయ్యాక బానెట్ ఎత్తించి ఫిల్టరు చూపించమని అడగండి, పాతది చేతికివ్వమనండి.

12. పాత ఆయిల్ కాలవలో పొయ్యొద్దు

వాడిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క, 2016 కేంద్ర నిబంధనలు అలాగే చెబుతున్నాయి. ఆటోనగర్‌కు పీపాలతో వచ్చి కొనుక్కుపోయేవాళ్ళున్నారు. రీసైక్లింగుకు అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి. పాత ఫిల్టరులో కూడా చాలా ఆయిల్ మిగిలి ఉంటుంది, ఒక రాత్రంతా తట్ట మీద బోర్లించండి. చెదలు పట్టకుండా దూలాలకూ గుమ్మాలకూ ఈ ఆయిల్ రాయడం మన పల్లెల్లో పాత అలవాటు. మానెయ్యండి, అది ఒంటికి మంచిది కాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆయిల్ గుడ్డ జేబులో కుక్కుకుని తిరగొద్దు. నేల మీద ఒలికితే రంపపు పొట్టు చల్లి ఎత్తెయ్యండి.

13. బిగించేటప్పుడు తర్వాత ఊడదీసేవాడు గుర్తుండాలి

ఇంజను ముఖం గుడ్డతో తుడవండి. కొత్త రింగుకు వేలితో కొత్త ఆయిల్ రాయండి. ఫిల్టరు నిలువుగా ఉండే బండైతే డబ్బాలో సగం దాకా కొత్త ఆయిల్ పొయ్యండి, స్టార్టు చేసినప్పుడు ఇంజను ఎండిపోదు. చేత్తో తిప్పుతూ రింగు ఇంజనుకు తాకేదాకా వెళ్ళండి. తాకిన చోట డబ్బా మీద గుర్తు పెట్టి, అక్కణ్ణించి ముప్పావు చుట్టు. చాలా ఫిల్టర్ల మీదే అలా రాసి ఉంటుంది. కొన్నిటికి ఒక చుట్టని ఉంటుంది, చదివి చెయ్యండి. బిగించడానికి పానా అక్కర్లేదు.

ప్లాస్టిక్ మూత ఉన్న బళ్ళది ఇంకొంచెం సున్నితం. చాలా మూతల మీద 25 ఎన్‌ఎం అని అచ్చు వేసి ఉంటుంది, టార్క్ పానాతో అంతే బిగించాలి. కండబలంతో బిగిస్తే ఊడదీసేటప్పుడు మూత పగులుతుంది. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు కొత్త ఫిల్టరుతో పాటే పెట్టెలో వస్తుంది. పాతది తీసి, అదే గాడిలో, ఆయిల్ రాసి వెయ్యండి. పక్క గాడిలో వేస్తే లీకు ఖాయం. సాకెట్ ఆరు పలకలది వాడండి, పన్నెండు పలకలది ప్లాస్టిక్ అంచులు తినేస్తుంది.

ఆయిల్ పోశాక ఒక్క నిమిషం నడిపి, కింద టార్చి వేసి చూసి, ఆపి, ఐదు నిమిషాలాగి గేజీ కడ్డీ చూడండి. తగ్గితే పొయ్యండి.

షెడ్డు మేస్త్రులకు ఒక మనవి. కొత్త ఫిల్టరు బిగించాక దాని మీద మార్కరుతో తేదీ, కిలోమీటర్లు రాయించండి. పక్కనే బిగించిన కుర్రాడి పేరు కూడా వాడి చేతే రాయించండి. ఊడదీసే పని కూడా మళ్ళీ వాడికే ఇవ్వండి.